రాజీయా, దావాయా: ఓపెన్ సోర్స్ లైసెన్సును కంపెనీ చేత పాటింపజేయడానికి ఏ దారి ఎప్పుడు?

మీరు రాసి జీపీఎల్ కింద (కోడును ఎవరైనా వాడుకోవచ్చు, కానీ పంచితే దాని సోర్సు, అంటే మనిషి చదివి మార్చగలిగే మూల రూపం, కూడా ఇవ్వాలనే లైసెన్సు) విడుదల చేసిన కోడును ఒక కంపెనీ తన పెట్టెలో, అంటే రూటర్, టీవీ లాంటి పరికరంలో, పెట్టి అమ్ముతోంది, సోర్సు మాత్రం ఇవ్వడం లేదు. లేదా మీరు విజయవాడ గవర్నర్‌పేటలో కొన్న రూటర్‌లో జీపీఎల్ కిందే ఉన్న లినక్స్ నడుస్తోందని తెలిసింది, దాని సోర్సు అడిగితే పలికే నాథుడు లేడు. ఇలాంటప్పుడు మంచి మాటలతో రాబట్టుకోవాలా, కోర్టుకెక్కాలా అన్న ప్రశ్న విజయవాడ, గుంటూరులలో ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) పనులు చేసేవారు నలుగురు కూడిన చోట తప్పకుండా వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కూర్చున్నవాళ్లు రెండు పక్షాలవుతారు. గొడవ పెట్టుకుంటే కంపెనీలు మన కోడునే వదిలేసి పోతాయని ఒక పక్షం, దావా వేయనిదే ఎవరూ కదలరని రెండో పక్షం. ఇద్దరి దగ్గరా నిజమైన ఉదాహరణలే ఉన్నాయి కాబట్టి ఆ వాదన ఎప్పటికీ తెగదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మంచి మాటతోనే మొదలుపెట్టాలి, కానీ మొదటి ఉత్తరం రాసిన రోజే ఆఖరి మెట్టు వరకు తేదీలు రాసి పెట్టుకోవాలి. గడువు లేని మంతనాలను కంపెనీ వాయిదాలుగా వాడుకుంటుంది. మంతనాలు నడపకుండా వేసిన దావాలో, న్యాయమూర్తి ముందు పెట్టడానికి ఫిర్యాదుదారుడి చేతిలో ఉత్తరప్రత్యుత్తరాలంటూ ఏమీ ఉండవు. ఎవరు ఎంత దూరం వెళ్లవచ్చు, ఏ మెట్టు దగ్గర ఆగడం లాభం అన్నది మాత్రం మనిషిని బట్టి, లైసెన్సును బట్టి, అడుగుతున్న వస్తువును బట్టి మారుతుంది.

ముందు తేల్చుకోవలసింది: మీరు ఎవరు, మీకు కావలసింది ఏమిటి

కాపీరైటు హక్కుదారుకు ఉన్న బలం కొనుగోలుదారుకు లేదు. మన కాపీరైటు చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కిందే లెక్కిస్తుంది, నమోదు తప్పనిసరి కాదు. అయితే ఆ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసిన కోడుకు మొదటి హక్కుదారు యజమానే అవుతాడు. గన్నవరంలోనో హైదరాబాదులోనో ఒక కంపెనీలో పనిచేస్తూ, పగలు అదే రకం కోడు, రాత్రి అదే లాప్‌టాప్‌లో సొంత ప్రాజెక్టు రాసుకున్నవారు, ఎదుటి కంపెనీకి నోటీసు పంపే ముందు తమ నియామక పత్రాన్ని ఒకసారి తీసి చదువుకోవాలి. ఈ పని చేయకుండా ఉత్తరం పంపి, "అసలు ఈ కోడు మీదేనా?" అన్న ఎదురు ప్రశ్నకు నోరు పెగలని వారిని చూశాను.

హక్కు ఉండటం ఒకటి, దాన్ని రుజువు చేయడం ఇంకొకటి. క్రిస్టాఫ్ హెల్‌విగ్ లినక్స్ కెర్నెల్‌లో, అంటే లినక్స్ మూల భాగంలో, ఎంతో పేరున్న డెవలపర్. తన కోడును జీపీఎల్‌కు విరుద్ధంగా వాడారంటూ 2015లో ఆయన జర్మనీలోని హాంబర్గ్‌లో వీఎంవేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద దావా వేశారు. జీపీఎల్‌ను మీరారా అన్న అసలు ప్రశ్న జోలికి కోర్టు వెళ్లనే లేదు. ఎదుటివారి ఉత్పత్తిలో కచ్చితంగా ఏ వరుసలు ఆయనవో, వాటిలో రక్షణకు తగినంత స్వతంత్ర రచన ఎంత ఉందో చూపలేదన్న కారణంతో 2016లో కొట్టివేసింది, 2019లో అప్పీలూ పోయింది. అంత పెద్ద డెవలపర్‌కే కమిట్ చరిత్రను (ఎవరు ఏ వరుస ఎప్పుడు రాశారో చూపే చిట్టాను) కోర్టు భాషలోకి దించడం అంత కష్టమైతే, ఉమ్మడి ప్రాజెక్టుకు నాలుగు ప్యాచ్‌లు (చిన్న సవరణలు) పంపిన మనలాంటి వారు ఒంటరిగా దావాకు దిగడం మంచిది కాదు. మొదటి నుంచి చివరి వరకు మీ చేతి మీదుగా వచ్చిన సొంత లైబ్రరీ అయితే ఈ ఇబ్బంది చాలా మటుకు ఉండదు.

కొనుగోలుదారు సంగతి వేరు. జీపీఎల్ రెండవ వెర్షన్ ప్రకారం బైనరీ (యంత్రం నడిపే రూపం) ఇచ్చేవారు దాంతోపాటు సోర్సునైనా ఇవ్వాలి, లేదా అడిగిన ఎవరికైనా ఇస్తామని కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీనైనా ఇవ్వాలి. కాబట్టి అడిగే అర్హత కొనుగోలుదారుకు నిస్సందేహంగా ఉంది. ఇవ్వకపోతే దావా వేసే అర్హత ఉందా అన్నదే చిక్కు ప్రశ్న. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ 2021 అక్టోబరులో విజియో అనే టీవీల కంపెనీ మీద కాలిఫోర్నియా కోర్టులో వేసిన వ్యాజ్యం సరిగ్గా ఈ వాదన మీదే నిలబడింది. కాపీరైటు హక్కుదారుగా కాకుండా, టీవీ కొన్న వినియోగదారుగా, ఆ లైసెన్సు ఎవరి మేలు కోసం రాశారో ఆ మూడవ పక్షంగా సోర్సు అడుగుతున్నామని ఆ సంస్థ చెప్పింది. మన దగ్గర కొనుగోలుదారుగా మాత్రమే ఉన్నవారికి నా సలహా ఒకటే: ఉత్తరాలు మీరే రాయండి, అవి ఫలించకపోతే ఆ ఫైలును హక్కుదారు చేతిలో పెట్టండి.

ఇక కావలసింది ఏమిటన్నది. సోర్సు కోడా, మీ పేరుకు గుర్తింపా, ఆ ఉత్పత్తి అమ్మకం ఆగిపోవడమా, నష్టపరిహారమా? చాలామంది కోపంలో నాలుగూ కావాలంటారు. నాలుగూ ఒకే దారిలో దొరకవు. సోర్సు కావలసినవారికి కంపెనీ లోపల ఒక ఇంజినీరు స్నేహం కావాలి, అమ్మకం ఆపించాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి, ఆ ఉత్తర్వు వచ్చాక ఆ ఇంజినీరు ఫోన్ ఎత్తడు.

మంచి మాట దారి: ఎంతవరకు, ఎవరి విషయంలో

ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లైసెన్సుల విషయంలో దీర్ఘాలోచన అక్కరలేదు. అవి కోరేది ముఖ్యంగా కాపీరైటు వరుసను, లైసెన్సు పాఠాన్ని నిలబెట్టడం. గుంటూరు బ్రాడీపేటలో ఉండే నా మిత్రుడు రాసిన చిన్న పైథాన్ లైబ్రరీని ఒక కంపెనీ ఆయన పేరు తీసేసి తన యాప్‌లో కలుపుకుంది. నాలుగు వాక్యాల మెయిలు పంపితే వారంలోపు "గురించి" పేజీలో పేరు, లైసెన్సు వచ్చి చేరాయి. అక్కడ పొరపాటు చేసింది ఎవరో కొత్త కుర్రవాడు, సరిదిద్దడానికి కంపెనీకి పైసా ఖర్చు లేదు. ఇలాంటి చోట లాయరును పట్టుకునిపోవడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

జీపీఎల్ దగ్గర సంగతి బరువెక్కుతుంది, ఎందుకంటే కంపెనీ నిజంగానే పని చేయాలి. ఇవ్వవలసింది సోర్సు ఫైళ్లు ఒక్కటే కాదు, దాన్ని కంపైలు చేసి, అంటే యంత్రం నడిపే రూపంలోకి మార్చి, ఎక్కించడానికి వాడే స్క్రిప్టులు కూడా అని లైసెన్సులోనే రాసి ఉంది. ఆ స్క్రిప్టులు తరచుగా కంపెనీ దగ్గరే ఉండవు, చిప్పు తయారు చేసిన విదేశీ సంస్థ ఇచ్చిన కట్టలో ఎక్కడో ఉంటాయి. మన ఊళ్లలో అమ్ముడుపోయే పెట్టెల్లో చాలావాటిని బయట తయారైనవిగా దిగుమతి చేసుకుని పైన సొంత స్టిక్కరు అంటిస్తారు. స్టిక్కరు అంటించినవాడు కూడా లైసెన్సు దృష్టిలో పంపిణీదారే, కానీ "సోర్సు" అన్న మాట అతనికి మీ దగ్గరే మొదటిసారి వినిపిస్తుంది. అతను మోసగాడు కాకపోవచ్చు, అమాయకుడు. అతన్ని భయపెడితే ఆ మోడల్ అమ్మడం మానేసి ఇంకో మోడల్ తెస్తాడు, అందులోనూ ఇదే తంతు. నేర్పిస్తే మాత్రం తన సరఫరాదారు మీద ఒత్తిడి పెట్టగలిగినవాడు అతనొక్కడే, ఎందుకంటే తర్వాతి ఆర్డరు అతని చేతిలో ఉంది.

నా సొంత అనుభవం చెబుతాను. గవర్నర్‌పేటలో కొన్న ఒక రూటర్ మూత విప్పి, సీరియల్ తీగలు కలిపి చూస్తే, బూట్ అవుతూనే లినక్స్ కెర్నెల్ వరుస, దాని వెంట బిజీబాక్స్ (చిన్న పరికరాల్లో వాడే లినక్స్ పనిముట్ల కట్ట, అదీ జీపీఎల్ కిందే) వెర్షన్ నంబరు తెర మీద పడ్డాయి. పెట్టెలో రాతపూర్వక హామీ లేదు. కస్టమర్ కేర్‌కు రాస్తే, మూత విప్పారు కాబట్టి మీ వారంటీ చెల్లదు అని జవాబు వచ్చింది. రెండో ఉత్తరాన్ని నేరుగా సంస్థ నమోదిత చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నలభై రోజులకు ఒక జిప్ ఫైలు ఇచ్చారు. విప్పి చూస్తే అది ఎవరైనా దింపుకోగలిగే మామూలు కెర్నెల్, ఆ పెట్టెకు ఏ అమరికలు వాడారో చెప్పే కాన్ఫిగ్ ఫైలు కూడా అందులో లేదు. అది చూసి కోపం రావడం సహజం, కానీ కోపంతో రాసిన ఉత్తరాన్ని పంపలేదు. ఏమేమి లేవో పట్టిక రాసి, కంపైలు చేస్తే ఏ దగ్గర ఆగిపోతోందో ఆ లోపం వరుసలతో సహా జతచేసి, ఇరవై ఒక్క రోజులు గడువు ఇచ్చాను. ఆ ఉత్తరం తిరిగి తిరిగి చివరికి ఒక ఇంజినీరు చేతికి చేరింది. ఆయన స్వయంగా ఫోన్ చేసి, "మా వాళ్లకు మీరేమి అడుగుతున్నారో ఇప్పుడు అర్థమైందండీ" అన్నారు. మొత్తం ఐదు నెలలు పట్టింది. మూడో కట్ట కంపైలయింది.

ఈ అనుభవం నుంచి నేను పట్టుకున్నది, మంచి మాట పనిచేసింది మాట మంచిది కావడం వల్ల కాదని. అడిగిన వస్తువు స్పష్టంగా ఉండటం వల్ల, గడువు ఉండటం వల్ల, ప్రతి ఉత్తరం ముందటి ఉత్తరం తేదీని ప్రస్తావించడం వల్ల పనిచేసింది. ఇలాంటి ఉత్తరాలు చదివిన కంపెనీ లాయరుకు, ఈ కాగితాలు రేపు ఎక్కడికి వెళ్లగలవో మనం చెప్పనవసరం లేదు.

మంచి మాటకు అనుకూలంగా లైసెన్సులో ఇంకో బలమైన ఆధారం ఉంది. జీపీఎల్ రెండవ వెర్షన్ 1991 నాటిది. దాని 4వ సెక్షన్ ప్రకారం షరతు తప్పిన క్షణంలోనే హక్కులు రద్దవుతాయి, తిరిగి ఎలా వస్తాయో మాత్రం చెప్పదు. తప్పు ఒప్పుకుంటే ఉత్పత్తి మొత్తం ఆగిపోతుందేమోనన్న భయంతో కంపెనీ నోరు మూసుకునేది ఇక్కడే. 2007లో వచ్చిన మూడవ వెర్షన్ ఈ ముడి విప్పింది. మొదటిసారి తప్పు జరిగి, నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కులు శాశ్వతంగా తిరిగి వస్తాయి. ఉల్లంఘన ఆగిన తర్వాత 60 రోజుల లోపు హక్కుదారు అభ్యంతరం చెప్పకపోయినా అంతే. 2017 అక్టోబరులో లినక్స్ కెర్నెల్ డెవలపర్లు అనేకమంది రెండవ వెర్షన్‌లో ఉన్న తమ కోడుకు కూడా ఇదే వెసులుబాటు ఇస్తామని ప్రకటించారు, మరుసటి నెలలో రెడ్ హ్యాట్, ఫేస్‌బుక్, గూగుల్, ఐబీఎం అదే మాట ఇచ్చాయి. మీ కోడు రెండవ వెర్షన్‌లో ఉంటే, మొదటి ఉత్తరంలోనే "30 రోజుల్లో సరిదిద్దితే మీ హక్కులను పునరుద్ధరిస్తాను" అని మీ అంతట మీరే రాయండి. ఒప్పుకోవడానికి కంపెనీ లాయరుకు ఒక తలుపు తెరిచి ఉంచినట్టు అవుతుంది. నేను సలహా ఇచ్చిన ఉత్తరాలలో దీనికి మించి పనిచేసిన వాక్యం లేదు.

అదే దారి ఎక్కడ ఎండిపోతుంది

సిస్కో కథ రెండు పక్షాల వారూ చెప్పుకునేదే, నాకు మాత్రం అది గడువు కథగా కనిపిస్తుంది. 2003లో లింక్‌సిస్ వారి డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్‌లో లినక్స్ ఉందని బయటపడింది. ఆ ఏడాదే సిస్కో ఆ సంస్థను కొన్నది, డెవలపర్లు గట్టిగా అడగడంతో సోర్సు విడుదలైంది, ఆ సోర్సు మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. ఈనాడు మన హాస్టళ్లలో కుర్రాళ్లు పాత రూటర్లకు ఎక్కించుకునే ఫర్మ్‌వేర్ అదే. ఇక్కడి వరకు దావా లేదు, సహకార పక్షం ఈ సగాన్నే చెబుతుంది. కానీ కొత్త కొత్త ఉత్పత్తులలో అదే లోపం మళ్లీ మళ్లీ రావడం, జీపీఎల్‌ను ప్రచురించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మళ్లీ మళ్లీ మాట్లాడటం సుమారు అయిదేళ్లు సాగింది. 2008 డిసెంబరులో ఫౌండేషన్ దావా వేసింది. 2009 మే నెలలో రాజీ కుదిరింది. లింక్‌సిస్ ఉత్పత్తుల కోసం ప్రత్యేకంగా ఒక బాధ్యుడిని నియమించడానికి సిస్కో ఒప్పుకుంది. అయిదేళ్ల మాటలు తేలేనిదాన్ని అయిదు నెలల వ్యాజ్యం తెచ్చింది.

కాబట్టి గుర్తు పట్టవలసిన లక్షణం ఇది: ఒకే సంస్థ, వేరు వేరు మోడళ్లు, ప్రతిసారీ అదే తప్పు. మొదటిసారి అజ్ఞానం అనుకోవచ్చు, రెండోసారి నిర్లక్ష్యం, మూడోసారికి అది లెక్క వేసుకుని చేస్తున్న పని. లెక్క వేసుకుని చేసేవాడితో మంచి మాట గోడకు చెప్పుకున్నట్టే ఉంటుంది, ఎందుకంటే మీ ఉత్తరానికి జవాబివ్వకపోవడం అతనికి అన్నిటికన్నా చవక.

దావా దారి: లాభం, ఖర్చు, దెబ్బ

దావాలు గెలవవచ్చా అన్న సందేహం ఇప్పుడు ఎవరికీ అక్కరలేదు. లినక్స్ డెవలపర్ హారాల్డ్ వెల్ట్ 2004లో మ్యూనిక్ కోర్టులో సైట్‌కామ్ అనే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ మీద తెచ్చుకున్న ఉత్తర్వు జీపీఎల్ కోర్టులో నిలబడుతుందని చూపింది. అమెరికాలో 2008లో మోడల్ రైళ్లను నడిపే సాఫ్ట్‌వేర్ మీద నడిచిన జేకబ్సెన్, కాట్జర్ కేసులో, ఓపెన్ లైసెన్సు షరతులను మీరితే అది కాపీరైటు ఉల్లంఘనే అవుతుందని అప్పీలు కోర్టు తేల్చింది. ఫ్రాన్స్‌లో ఆంత్రువెర్ అనే చిన్న సంస్థ ఆరంజ్ అనే టెలికాం దిగ్గజం మీద పోరాడి, 2024 ఫిబ్రవరిలో పారిస్ అప్పీలు కోర్టులో 5 లక్షల యూరోల ఆర్థిక నష్టానికి, మరో 1.5 లక్షల యూరోల నైతిక నష్టానికి తీర్పు తెచ్చుకుంది. అయితే ఆ వ్యాజ్యం మొదలైంది 2011లో. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు.

గెలిచినా ఏమి దక్కుతుందన్నది ఇంకా లోతైన ప్రశ్న. బిజీబాక్స్ రచయితల తరఫున 2007 నుంచి అమెరికాలో వరుసగా వ్యాజ్యాలు పడ్డాయి. 2009 డిసెంబరులో ఒకేసారి 14 కంపెనీల మీద వేశారు. వాటిలో వెస్టింగ్‌హౌస్ డిజిటల్ వాదించడమే మానేయడంతో 2010లో 90,000 డాలర్ల పరిహారంతో పాటు, మిగిలిన టీవీలను అప్పగించాలని కూడా ఉత్తర్వు వచ్చింది. చూడటానికి ఘనవిజయం. కానీ ఆ వ్యాజ్యాల్లో మొదట వాదిగా ఉన్న రాబ్ లాండ్లే తర్వాత మనసు మార్చుకున్నారు. వాటివల్ల బిజీబాక్స్‌కు పనికొచ్చే కోడు ఒక్క వరుస కూడా వచ్చి చేరలేదన్నది ఆయన ఫిర్యాదు. అదే పని చేసే టాయ్‌బాక్స్‌ను ఆయన ఏ షరతులూ లేని లైసెన్సు కింద పెంచారు, ఆండ్రాయిడ్ దాన్నే తీసుకుంది. లినక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 2016లో కెర్నెల్ డెవలపర్ల చర్చలో దావాల మీద అంతగా మండిపడ్డది ఈ దెబ్బను చూసే: కోర్టుకు లాగిన కంపెనీ తర్వాత మనతో కలిసి పనిచేయదని ఆయన వాదన.

ఆయన వాదనలో నిజముంది, కానీ పూర్తిగా కాదని నా లెక్క. అడిగిన కోడు మూల ప్రాజెక్టులోకి తిరిగి రాకపోవచ్చు; పెట్టె కొన్నవాడికి మాత్రం ఆ కోడే కావాలి, తన పెట్టెను పదేళ్లు నడుపుకోవడానికి. డెవలపర్ కొలబద్దతో కొలిస్తే ఓడిన దావా, కొన్నవాడి కొలబద్దతో గెలిచినట్టు కావచ్చు. జర్మనీలో ఒక వాడుకరి తన రూటర్‌లోని ఎల్‌జీపీఎల్ (జీపీఎల్ కన్నా కాస్త సడలింపు ఉన్న లైసెన్సు) లైబ్రరీలను మార్చి తిరిగి ఎక్కించుకోవడానికి కావలసిన స్క్రిప్టులు ఇవ్వలేదంటూ 2023లో రూటర్లు తయారు చేసే ఏవీఎం సంస్థ మీద బెర్లిన్‌లో వ్యాజ్యం వేస్తే, దావా పడ్డాక ఆ సంస్థ వాటిని ఇచ్చింది. అక్కడ ఎవరూ ఏ ప్రాజెక్టుకూ దూరం కాలేదు.

దావా దారికి నిజంగా చెడ్డపేరు తెచ్చింది సొమ్ము. నెట్‌ఫిల్టర్ (లినక్స్‌లో నెట్‌వర్క్ రాకపోకలను వడపోసే భాగం) డెవలపర్ ప్యాట్రిక్ మెక్‌హార్డీ జర్మనీలో ఒంటరిగా అనేక కంపెనీల మీదికి వెళ్లిన తీరు సొంత లాభం కోసమన్న ఆరోపణలు రావడంతో, 2016లో నెట్‌ఫిల్టర్ కోర్ బృందమే ఆయనను పక్కన పెట్టింది. అంతకుముందు ఏడాది కన్సర్వెన్సీ, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కలిసి ప్రకటించిన సూత్రాలలో రెండు ఇక్కడ గుర్తుంచుకోవాలి: కోర్టు చివరి మెట్టు కావాలి, సొమ్మును పాటింపు కన్నా ముందు పెట్టకూడదు. పరిహారం అడగడం తప్పు కాదు. మొదటి ఉత్తరంలోనే అంకె రాస్తే మాత్రం, ఆ తర్వాత మీరు సోర్సు గురించి ఎంత చెప్పినా కంపెనీ చెవికి ఆ అంకె ఒక్కటే వినిపిస్తుంది.

మన చట్టం కింద మెట్లు ఎలా ఉంటాయి

ఉత్తరాలు ఫలించకపోతే ఈ ప్రాంతపు హక్కుదారుకు ఉన్న అనుకూలత చిన్నది కాదు. కాపీరైటు చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన వ్యాజ్యాన్ని హక్కుదారు తాను నివసించే లేదా వ్యాపారం చేసే ప్రాంతపు జిల్లా కోర్టులో వేయవచ్చు. ప్రతివాది కంపెనీ బెంగళూరులో ఉన్నా గుంటూరు వాసి అక్కడికి తిరగనవసరం లేదు. 3 లక్షల రూపాయలు, ఆపై విలువ ఉన్న మేధో సంపత్తి వివాదాలు వాణిజ్య న్యాయస్థానానికి వెళతాయి. అక్కడ అత్యవసర ఉత్తర్వు కోరని వ్యాజ్యానికి ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి అని వాణిజ్య న్యాయస్థానాల చట్టంలోని 12ఏ సెక్షన్ చెబుతోంది, సుప్రీంకోర్టు 2022లో దాన్ని ఖాయం చేసింది. మూడు నెలలు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మరో రెండు నెలలు. మన ఊళ్లలో పొలం గట్టు తగాదాను పెద్దమనుషుల్లో పెట్టినట్టే ఇది, కాకపోతే కుదిరిన ఒప్పందానికి చట్టబలం ఉంటుంది. సోర్సు మాత్రమే కావలసిన వారికి అన్నిటికన్నా ఇదే సరైన మెట్టు అని నేను అనుకుంటాను. కంపెనీ రావడానికి ఒప్పుకుంటే నిర్ణయం తీసుకోగలిగిన మనిషితో మాట్లాడే అవకాశం దొరుకుతుంది, విషయం వీధిన పడదు.

కాపీరైటు చట్టం 63వ సెక్షన్ కింద తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయని, పోలీసు స్టేషన్‌కే వెళదామని తొందరపడేవారు ఉంటారు. నేను వద్దంటాను. సోర్సు ఇవ్వకపోవడం ఎందుకు ఉల్లంఘన అవుతుందో స్టేషన్‌లో వివరించేసరికి తెల్లారుతుంది, చివరికి అరెస్టయ్యేది స్టిక్కరు అంటించిన చిన్న వ్యాపారి.

బెదిరింపుల విషయంలో ఇంకో జాగ్రత్త. ఆధారం లేకుండా కాపీరైటు వ్యాజ్యం వేస్తామని బెదిరిస్తే, అదే చట్టం 60వ సెక్షన్ కింద ఎదుటివారే మీ మీద వ్యాజ్యం వేసి నష్టం రాబట్టవచ్చు. ఉత్తరంలో "దొంగలు" అన్న మాట రాయకండి. అందరి ముందు పెట్టి కంపెనీ పరువు తీయడం కూడా ఒక దారే, కొన్నిసార్లు వేగంగానే పనిచేస్తుంది, కానీ భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ పరువునష్టం గురించేనని మరిచిపోకూడదు. మీరు పరీక్షించి చూసిన వాస్తవం, తేదీలు, జవాబు రాలేదన్న సంగతి: ఇంతవరకే బయట చెప్పండి, ఉద్దేశాలు అంటగట్టకండి. గడువు ముగియకముందే బయటపెడితే, అప్పటిదాకా లోపల మీ తరఫున మాట్లాడుతున్న ఇంజినీరు కూడా మౌనం వహించవలసి వస్తుంది.

ఏ దారి నడిచినా ఆధారాలు మొదటి రోజు నుంచే కూడబెట్టాలి. కొన్న బిల్లు, పెట్టె ఫోటోలు, ఫర్మ్‌వేర్ ఫైలు, దాని హ్యాష్ విలువ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తు సంఖ్య), బూట్ అయినప్పటి వరుసలు, పంపిన ఉత్తరాల రసీదులు. ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రంలో హ్యాష్ విలువకు కూడా చోటు ఉంది. కంపెనీ తర్వాత ఫర్మ్‌వేర్‌ను మార్చేసినా, మీరు ఆ రోజు చూసింది ఏమిటో దీనివల్ల నిలబడుతుంది.

నన్ను అడిగితే ఏ సందర్భంలో ఏది

పేరు మాత్రమే పోయింది, లైసెన్సు ఎంఐటీ లాంటిది: మెయిలు, రెండు వారాల తర్వాత రిజిస్టర్డ్ పోస్టు, అంతే. అవసరమైతే రచయితగా పేరు చెప్పించుకునే హక్కును ఇచ్చే కాపీరైటు చట్టం 57వ సెక్షన్‌ను ప్రస్తావించండి. చిన్న దిగుమతి వ్యాపారి, జీపీఎల్, మొదటి తప్పు: నేర్పే ఉత్తరం, 30 రోజుల పునరుద్ధరణ హామీ, ఓపికగా మూడు విడతలు. పెద్ద సంస్థ, జవాబులు వస్తున్నాయి కానీ కోడు రావడం లేదు: ఆరు నెలలకు మించి ఆగకుండా లాయరు నోటీసు, ఆపైన మధ్యవర్తిత్వం. మీ యాప్‌ను యథాతథంగా పేరు మార్చి ప్లే స్టోర్‌లో పెట్టి ప్రకటనల మీద సంపాదిస్తున్నవాడు: అతనితో మంతనాలు అనవసరం, స్టోర్‌కే తొలగింపు అభ్యర్థన పంపండి. ఉమ్మడి ప్రాజెక్టులో మీది చిన్న భాగం: ఒంటరిగా ఏమీ చేయవద్దు, ప్రాజెక్టు నిర్వాహకులకు మీ ఫైలు అప్పగించండి. అదే కంపెనీ, మూడో ఉత్పత్తి, మూడోసారి అదే తప్పు, కోడు మొత్తం మీదే: దావా వేయండి, వేశాక కూడా రాజీ తలుపు మూయకండి.

రాజీ కుదిరే రోజున ఆ సంతోషంలో కాగితం మీద తొందరగా సంతకం పెట్టడం నేను ఎక్కువగా చూసిన తప్పు. ఆ కాగితంలో ఇప్పటి మోడల్ సోర్సు ఇస్తామన్న మాట ఒక్కటే ఉంటే చాలదు. మీరు స్వయంగా కంపైలు చేసి పెట్టెలోకి ఎక్కించి చూశాకే అది అందినట్టు లెక్క అని రాయించుకోవాలి. ఇప్పటికే అమ్ముడైన పెట్టెల యజమానులకు సంగతి ఎలా తెలియజేస్తారో రాయించుకోవాలి. వ్యాజ్యం దాఖలై ఉంటే ఆ రాజీని కోర్టు డిక్రీగా నమోదు చేయించుకోవాలి. ఇకపై వచ్చే ప్రతి వెర్షన్ సోర్సుకు కంపెనీలో ఎవరు బాధ్యులో, ఏ చిరునామాకు రాయాలో అందులో ఉండాలి. అది లేకపోతే, కొత్త ఫర్మ్‌వేర్ విడుదలైన రోజున మీరు మళ్లీ కస్టమర్ కేర్‌కు రాస్తారు, మీ వారంటీ చెల్లదని మళ్లీ జవాబు వస్తుంది.